రెడ్డు, కలరు, మళ్ళీ రెడ్డు: పార్లర్ రోజుల స్నూకర్ లెక్కలు

1990ల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గుంటూరులోనో సాయంత్రం పూట స్నూకర్ పార్లర్ మెట్లెక్కినవాళ్ళకు ఆ గది ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. గదంతా మసక. టేబుల్ మీద మాత్రం పొడుగాటి షేడ్ కింద వెలుగు. గోడకు క్యూల (ఆడే కర్రల) స్టాండు, దాని పక్కన చెక్క స్కోర్‌బోర్డు, బోర్డు మీద అటూ ఇటూ జరిపే ముల్లు. టేబుల్ అంచు మీద సగం అరిగిన నీలం చాక్ ముక్క. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి. అందుకే నాలుగు పాయింట్ల ఫౌల్ దగ్గర కూడా గొంతులు లేచేవి. "అన్నా, నువ్వు చెప్పు" అని రెండు పక్షాలవాళ్ళూ మార్కర్ వైపు తిరిగేవాళ్ళు.

బంతులు పేర్చేది, స్కోరు చెప్పేది, వలలోంచి కలర్ (రెడ్, వైట్ కాని రంగు బంతి) తీసి మళ్ళీ దాని స్పాట్ (గుర్తు పెట్టిన చోటు) మీద పెట్టేది, గొడవ తీర్చేది అన్నీ మార్కరే. ఆ తరం రూల్స్ పుస్తకంలో చదివింది చాలా తక్కువ. చెవిన పడ్డవే రూల్స్. మంచి మార్కర్ ఉన్నచోట ఆట నేర్చుకున్నవాళ్ళకు రూల్స్ సరిగ్గానే వచ్చాయి. లేనిచోట పూల్ అనే ఇంకో క్యూ ఆట రూల్స్ వచ్చి స్నూకర్‌లో కలిసిపోయాయి, ఒక వీధిలో చెల్లింది పక్క వీధిలో చెల్లేది కాదు. అప్పటి వాదనలన్నీ ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే ముచ్చటేస్తుంది, ఎందుకంటే దాదాపు ప్రతిదానికీ రూల్‌బుక్‌లో తిరుగులేని జవాబుంది.

అసలు ఈ ఆట పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్‌పూర్ సైనిక మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ అధికారి, అప్పటికే ఆడుతున్న పిరమిడ్స్, బ్లాక్ పూల్ ఆటలను కలిపి దీన్ని మొదలుపెట్టాడు (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ ఈయన కాదు). రూల్స్ ఒక కొలిక్కి వచ్చింది 1880ల్లో ఊటీ క్లబ్‌లో. ఊటీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది, కోస్తా, రాయలసీమ కూడా అందులోవే. మొదట్లో ఇన్ని రంగులు లేవు, బ్లూ, బ్రౌన్ తర్వాత చేరాయి.

టేబుల్‌ను పన్నెండు బై ఆరు అంటారు. ఆడే చోటు, అంటే ఒక కుషన్ (టేబుల్ అంచున ఉండే రబ్బరు పట్టీ) నుంచి ఎదుటి కుషన్‌కు, 11 అడుగుల 8½ అంగుళాలు పొడవు, 5 అడుగుల 10 అంగుళాలు వెడల్పు. పచ్చగుడ్డ కింద ఉండేది చెక్క కాదు, పలకరాయి. కింది కుషన్ నుంచి 29 అంగుళాల దగ్గర అడ్డంగా గీసిన గీత బాల్క్ లైన్. దాని మధ్యలో 11½ అంగుళాల వ్యాసార్థంతో అర్ధవృత్తం, అదే 'డి'. బాల్క్ వైపు నిలబడి చూస్తే డి ఎడమ మూల గ్రీన్, మధ్యలో బ్రౌన్, కుడి మూల ఎల్లో. గ్రీన్, ఎల్లో తారుమారు చేసి పెట్టడం కొత్తవాళ్ళు రోజూ చేసే పొరపాటు. సగం ఫ్రేమ్ (ఒక ఆట) అయ్యాక ఎవరో గమనించి గోల చేసేవాళ్ళు. టేబుల్ నడిమధ్యన బ్లూ. బ్లూకీ పై కుషన్‌కీ సరిగ్గా మధ్యలో పింక్. పై కుషన్ నుంచి 12¾ అంగుళాల దగ్గర బ్లాక్.

రెడ్లు పదిహేను. వాటిని పేర్చడంలోనే మార్కర్ పనితనం తెలిసిపోయేది. వలల్లోంచి ఏరుకొచ్చి ట్రయాంగిల్‌లో పోసి, ట్రయాంగిల్‌ను ఒకసారి ముందుకూ వెనక్కూ దొర్లించి, చివరి వరుస ఐదు బంతుల వెనక వేళ్ళు ఆనించి గట్టిగా ముందుకు నొక్కి, ఆ తర్వాతే ట్రయాంగిల్‌ను మెల్లగా పైకి లేపేవాడు. అప్పుడు వంగి, పింక్‌కీ మొదటి రెడ్‌కీ మధ్య చూసేవాడు. రెడ్ పింక్‌కు తగలకూడదు, కానీ తగలనంతలో ఎంత దగ్గరైతే అంత దగ్గరగా ఉండాలి. వెలుగు సన్నటి గీతలా కనిపిస్తే చాలు. తొందరపడి పేర్చినచోట రెడ్ల మధ్య సందులుంటాయి. సందులుంటే బ్రేక్ (ఫ్రేమ్ మొదలుపెట్టే షాట్) కొట్టినప్పుడు దెబ్బ ఒక బంతి నుంచి ఇంకోదానికి సరిగ్గా అందదు, అనుకోని రెడ్ ఒకటి విడిపోయి పాకెట్ ముందుకొచ్చి నిలబడుతుంది. బ్రేక్ కొట్టినవాడి తప్పేమీ లేకుండానే ఎదుటివాడికి సులువైన షాట్ దొరుకుతుంది.

బ్రేక్‌కు వైట్‌ను (క్యూతో కొట్టే తెల్ల బంతిని) డి లోపల ఎక్కడైనా పెట్టుకోవచ్చు, గీత మీద కూడా. ఎక్కువమంది బ్రౌన్‌కీ ఎల్లోకీ మధ్య పెట్టి, కుడి సైడ్ ఇచ్చి (అంటే వైట్‌ను నడిమధ్యన కాకుండా కుడి పక్కన కొట్టి, తిరిగేలా చేసి), చివరి వరుసలో కుడి కొస రెడ్‌ను సన్నగా తాకిస్తారు. వైట్ పై కుషన్‌కు, అక్కణ్ణుంచి కుడి కుషన్‌కు తగిలి, టేబుల్‌ను అడ్డంగా దాటుకుని ఎడమ కుషన్ మీదుగా గ్రీన్ వెనక్కి చేరాలి. సైడ్ తక్కువైతే తిరిగొచ్చే దారిలో బ్లూకు గుద్దుకుని నడిమధ్యన ఆగిపోతుంది. రెడ్ మీద మందంగా తగిలితే గుంపు విచ్చుకుంటుంది. మరీ సన్నగా తగిలితే వైటే పోయి మూల పాకెట్‌లో పడొచ్చు. పార్లర్‌లో చాలామంది బ్రేక్ అంటే పూల్‌లోలాగా బలంగా పగలగొట్టడం అనుకునేవాళ్ళు. మార్కర్‌కు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. స్నూకర్ బ్రేక్ రెడ్లు చెదరగొట్టడానికి కాదు, ఎదుటివాడికి ఏమీ మిగల్చకుండా వైట్‌ను ఇంటికి తెచ్చుకోవడానికి.

వరుస అందరికీ తెలిసిందే. ముందు రెడ్, దానికి 1. రెడ్ పడితే ఏదో ఒక కలర్: ఎల్లో 2, గ్రీన్ 3, బ్రౌన్ 4, బ్లూ 5, పింక్ 6, బ్లాక్ 7. కలర్ పడితే మళ్ళీ రెడ్. రెడ్లు వలలోనే ఉండిపోతాయి, కలర్లు స్పాట్ మీదికి తిరిగొస్తాయి. ఒకే షాట్‌లో రెండు మూడు రెడ్లు పడితే అన్నీ లెక్కే, ఒక్కోదానికి ఒక్కో పాయింట్. ఆఖరి రెడ్ తర్వాత కొట్టిన కలర్ కూడా తిరిగి స్పాట్ మీదికి రావాలి. చాలాచోట్ల ఇక్కడే మరచిపోయేవాళ్ళు. ఆ తర్వాత ఎల్లో నుంచి బ్లాక్ దాకా వరుసగా కొట్టాలి, అప్పుడు పడ్డ కలర్ ఇక తిరిగి రాదు.

తిరిగి పెట్టాల్సిన కలర్ స్పాట్ మీద వేరే బంతి కూర్చుంటే? ఖాళీగా ఉన్న స్పాట్లలో ఎక్కువ విలువగలదాని మీద పెట్టాలి. బ్లూ స్పాట్ ఖాళీ లేదు, బ్లాక్ స్పాట్ ఖాళీగా ఉందంటే బ్లూ వెళ్ళి బ్లాక్ స్పాట్ మీద కూర్చుంటుంది. ఏ స్పాటూ ఖాళీ లేకపోతే తన స్పాట్‌కు వీలైనంత దగ్గరగా, పై కుషన్ వైపు సూటి గీతలో, దేనికీ తగలకుండా పెట్టాలి. "పక్కన ఎక్కడో ఒకచోట పెట్టెయ్ అన్నా" అనేది రూల్ కాదు.

ఇక ఫౌల్. ఈ ఒక్క మాట మీద జరిగినన్ని వాదనలు ఇంకే ఆటలోనూ జరిగి ఉండవు. "ఫౌల్ అంటే నాలుగే కదా" అనేది ఆ రోజుల్లో సగంమందికి తెలిసిన రూల్. నాలుగు కనీసం మాత్రమే. కొట్టాల్సిన బంతి విలువ, తప్పుగా ప్రమేయమున్న బంతి విలువ, నాలుగు, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అది ఎదుటివాడికి. రెడ్ కొట్టాల్సి ఉండగా వైట్ ముందు ఎల్లోకు తగిలితే 4, బ్లూకు తగిలితే 5, బ్లాక్‌కు తగిలితే 7. రెడ్‌కు సరిగ్గానే తగిలి, వైట్ పాకెట్‌లో పడితే 4. రెడ్‌కు తగిలాక పొరపాటున పింక్ పడిపోతే 6. బ్లాక్ కొడతానని చెప్పి అసలు దేనికీ తగలకపోతే 7, బ్లాక్ చెప్పి ఎల్లోకు తగిలినా 7. "ఎల్లోకే కదా తగిలింది, నాలుగే" అని అరిచినవాళ్ళందరూ ఆ టేబుల్ డబ్బులు న్యాయంగానే కట్టారు.

ఫౌల్ షాట్‌లో పడ్డ రెడ్ తిరిగి రాదు, కలర్ మాత్రం తిరిగొస్తుంది. రెడ్లు కూడా తీసి టేబుల్ మీద పెట్టే అలవాటు కొన్ని పార్లర్లలో ఉండేది, అది తప్పు. ఫౌల్ షాట్‌లో పాయింట్లు రావు, అయితే అంతకుముందు అదే బ్రేక్‌లో (వరుసగా కొడుతున్న ఆ వంతులో) చేసినవి పోవు. ఫౌల్ పడితే ఎదుటివాడికి రెండు షాట్లు అనేది కూడా పూల్ బల్లల నుంచి వచ్చిపడ్డ రూలే. స్నూకర్‌లో రెండో షాట్ లేదు. తెలివైన అవకాశం ఇంకోటుంది: బంతులున్న తీరు నచ్చకపోతే, ఫౌల్ చేసినవాణ్ణే మళ్ళీ ఆడమనవచ్చు. ఈ హక్కు వాడుకున్నవాణ్ణి పార్లర్‌లో పిరికివాడిలా చూసేవాళ్ళు. అది అన్యాయం. ఆట పెద్దగా వచ్చినవాళ్ళే ఆ హక్కును ఎక్కువగా వాడతారు.

నేరుగా 7 పడే తప్పులు కొన్నున్నాయి. వైట్ కాని బంతిని క్యూతో కొట్టడం, రెడ్ పడ్డ వెంటనే మళ్ళీ రెడ్‌కే ఆడటం, బంతి దూరుతుందో లేదో చూడటానికి సందులో ఏదైనా పెట్టి కొలవడం. మిగతా మామూలు ఫౌళ్ళు: రెండు కాళ్ళూ నేలమీంచి లేవడం, చొక్కా చేతో టై చివరో బంతికి తగలడం, బంతులు పూర్తిగా ఆగకముందే కొట్టడం, బంతి టేబుల్ దాటి కిందపడటం. పొట్టివాళ్ళు టేబుల్ మీదికి ఎక్కినంత పని చేసి ఆడేవాళ్ళు. కనీసం ఒక పాదం నేల మీద ఉంటే చాలు. అది కూడా అందకపోతే టేబుల్ కిందున్న రెస్ట్ (క్యూకు ఆసరాగా పెట్టే కర్ర) తీయాల్సిందే. వైట్‌ను ఎగరేసి అడ్డున్న బంతి మీదుగా దూకించడం కూడా ఫౌలే. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టినా సరే, ఫౌలే.

ఫ్రీ బాల్ దగ్గరికొస్తే మార్కర్ మోకాళ్ళ మీద వంగి, ఒక కన్ను మూసి, వైట్ వెనక నుంచి చూసేవాడు. ఫౌల్ జరిగాక ఆడాల్సిన బంతి రెండు అంచులకూ వైట్ సూటిగా తగిలే దారి ఉండాలి. అడ్డున్న బంతి వల్ల ఒక అంచైనా అందకపోతే స్నూకర్ పడ్డట్టే. రెడ్ల వంతయితే ఏ ఒక్క రెడ్‌కూ రెండు అంచులూ అందకూడదు. ఒక్కదానికి అందినా ఫ్రీ బాల్ లేదు. కుషన్ అడ్డొచ్చినా లెక్కలోకి రాదు, బంతే అడ్డుండాలి. వైట్ పాకెట్‌లో పడి చేతికొచ్చి ఉంటే, డి లోపల ఎక్కడ పెట్టినా దారి దొరకనప్పుడే ఫ్రీ బాల్.

ఫ్రీ బాల్ అంటే నచ్చిన కలర్‌ను ఆడాల్సిన బంతిగా చెప్పుకుని ఆడటం. దాని విలువ ఆడాల్సిన బంతి విలువే. రెడ్ల వంతులో బ్లాక్‌ను ఫ్రీ బాల్‌గా కొడితే వచ్చేది 1, 7 కాదు. దీనికి జరిగినంత పోట్లాట ఇంకో రూల్‌కు జరగలేదు. ఆ 1 తర్వాత బ్లాక్ స్పాట్ మీదికి వస్తుంది, అప్పుడు మామూలుగా ఏ కలరైనా కొట్టొచ్చు. అంటే ఫ్రీ బాల్ అదనపు రెడ్ లాంటిది. ఇంకో సంగతి చాలామందికి తెలిసేది కాదు: ఫ్రీ బాల్‌ను మెల్లగా తాకించి, దాని వెనకే వైట్‌ను దాచి ఎదుటివాడికి స్నూకర్ పెట్టకూడదు. పెడితే ఫౌల్. పింక్, బ్లాక్ రెండే మిగిలినప్పుడు మాత్రం దీనికి మినహాయింపు.

టచింగ్ బాల్ కూడా అంతే చిక్కు. వైట్ ఆగిన చోట ఆడాల్సిన బంతికి ఆనుకుని ఉంటే, దాన్ని కదల్చకుండా వైట్‌ను దూరంగా కొడితే చాలు, తగిలినట్టే లెక్క, ఇంక దేనికీ తగలనక్కర్లేదు. ఆనుకున్నది కదిలితే పుష్, ఫౌల్. ఆనుకున్నది ఆడకూడని కలరైతే దూరంగా కొట్టి ఆడాల్సిన బంతికి తాకించి తీరాలి. ఆనుకున్నాయా, వెంట్రుకవాసి సందుందా అనేది తేల్చడానికి మార్కర్ టేబుల్ చుట్టూ తిరిగి, లైటు బంతుల వెనక పడేలా నిలబడి చూసేవాడు. అటూ ఇటూ వేలెత్తి చూపిస్తూ ముఖం బంతుల మీదికి వంచేవాళ్ళను మాత్రం గట్టిగా కసిరేవాడు. ఎవరి గొలుసో జారి బంతికి తగిలితే మొదటికే మోసం.

మిస్ రూల్ పార్లర్లలో దాదాపు వాడేవాళ్ళు కాదు, కేబుల్ టీవీలో చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆటగాడు తగిలించడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించలేదని రిఫరీకి అనిపిస్తే 'ఫౌల్ అండ్ ఎ మిస్' అంటాడు. అప్పుడు ఎదుటివాడు బంతులన్నిటినీ పాత చోట పెట్టించి మళ్ళీ ఆడించొచ్చు. బంతికి నడిమధ్యన సూటిగా తగిలే దారి ఉండి కూడా వరుసగా మూడుసార్లు తప్పితే ఫ్రేమే పోతుంది. రెండోసారి తర్వాత రిఫరీ హెచ్చరిస్తాడు. బంతుల స్థానాలు కచ్చితంగా గుర్తుపెట్టుకునేవాడు లేకుండా ఈ రూల్ నడవదు. అందుకే పార్లర్లు దీన్ని వదిలేశాయి, అది సబబే.

ఫ్రేమ్ చివర్లో అసలు మజా లెక్కల్లో ఉండేది. మార్కర్ బోర్డు వైపు చూడకుండానే చెప్పేవాడు: "మూడు రెడ్లు, యాభైయ్యొకటి." మిగిలిన రెడ్లను 8తో గుణించి 27 కలపాలి. రెడ్లయిపోయాక 27, ఎల్లో పోతే 25, గ్రీన్ పోతే 22, బ్రౌన్ పోతే 18, బ్లూ పోతే 13, ఆఖరికి బ్లాక్ ఒక్కటే మిగిలితే 7. మూడు రెడ్లుండి 52 వెనకబడ్డవాడు టేబుల్ మొత్తం ఊడ్చేసినా 51తో ఒక్కటి తక్కువే. వాడికి స్నూకర్ పెట్టి ఫౌల్ రాబట్టుకోవడం తప్ప దారి లేదు. ఒక్క నాలుగు పాయింట్ల ఫౌల్ చాలు, తేడా 48 అవుతుంది, అన్నీ కొడితే మూడుతో గెలుస్తాడు. కొత్తవాళ్ళు ఇక్కడ క్యూ పక్కన పెట్టేసేవాళ్ళు. ఆట తెలిసినవాళ్ళు ఇక్కణ్ణుంచే కూర్చుని చూసేవాళ్ళు.

అదే లెక్కను మొదటి నుంచి వేస్తే 15 రెడ్లు, ప్రతి రెడ్‌తో బ్లాక్, 120. మీద కలర్లు 27. మొత్తం 147. టీవీలో మొదటిసారి దీన్ని చూపించింది స్టీవ్ డేవిస్, 1982లో. రానీ ఓ'సలివన్ 1997లో షెఫీల్డ్ ప్రపంచ పోటీల్లో ఐదున్నర నిమిషాల లోపే ముగించాడు. తెలుగువాళ్ళకు మాత్రం ఈ అంకె ఇంకాస్త దగ్గరిది. 1980ల చివర్లో గుంటూరులో జరిగిన జాతీయ పోటీల్లో గీత్ సేఠీ 147 కొట్టారు. గీత్ సేఠీ పేరు బిలియర్డ్స్‌తో ముడిపడింది. కానీ గుంటూరులో స్నూకర్ క్యూ పట్టినవాళ్ళకు ఆ 147 ఊరి సొంత ఆస్తి. 1984లో ఓం అగర్వాల్, 2003లో పంకజ్ అద్వానీ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిళ్ళు గెలిచినప్పుడు కూడా ఈ గదుల్లో ఆ గెలుపుల గురించే మాట్లాడుకునేవాళ్ళు.

గుడ్డ గురించి చెప్పకపోతే మార్కర్లకు అన్యాయం చేసినట్టే. స్నూకర్ గుడ్డకు నూగు ఉంటుంది, బాల్క్ నుంచి బ్లాక్ వైపుకు వాలి ఉంటుంది. బ్రష్ కొట్టినా ఇస్త్రీ చేసినా ఆ దిక్కులోనే చేయాలి. ఎదురు కొడితే నూగు లేచి నిలబడుతుంది, మెల్లగా దొర్లే బంతులు దారి తప్పుతాయి. సైడ్ ఇచ్చి మెల్లగా ఆడే షాట్ మీద దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. నూగు వాలిన వైపుకు వెళ్ళే వైట్ ఇచ్చిన సైడ్ వైపే లాగుతుంది, ఎదురుగా వచ్చేటప్పుడు దానికి వ్యతిరేకంగా పోతుంది. వానాకాలంలో గుడ్డ తేమ పీల్చుకుని టేబుల్ బరువెక్కేది. వేసవిలో పై కుషన్ దాకా వెళ్ళిన దెబ్బకే ఇప్పుడు బంతి బ్లూ దాటి కాస్త దూరంలో ఆగిపోయేది. గుడ్డ మీద చాక్ పెట్టినవాణ్ణి, టేబుల్ అంచు మీద టీ గ్లాసు పెట్టినవాణ్ణి మార్కర్ వదిలేవాడు కాదు.

బ్లాక్ ఒక్కటే మిగిలినప్పుడు తేడా 7 కన్నా ఎక్కువుంటే ఫ్రేమ్ అక్కడితో సరి. లేకపోతే మొదట బ్లాక్ కొట్టినా, మొదట ఫౌల్ చేసినా అయిపోయినట్టే. ఆ తర్వాత కూడా స్కోరు సమానమైతే బ్లాక్‌ను మళ్ళీ స్పాట్ మీద పెడతారు, వైట్‌ను డి లోకి తెస్తారు, నాణెం ఎగరేస్తారు. టాస్ గెలిచినవాడు తాను ఆడతాడో ఎదుటివాణ్ణి ఆడమంటాడో చెప్పుకోవచ్చు. చాలామంది ఎదుటివాడికే ఇస్తారు, ఎందుకంటే డి నుంచి స్పాట్ మీదున్న బ్లాక్‌ను నేరుగా కొట్టడం కష్టం, తప్పితే అది పాకెట్ దగ్గరికి చేరే ప్రమాదముంది. మొదట ఆడేవాడు దాన్ని రెండు కుషన్లకు తగిలించి ఎక్కడో దూరంగా పంపడానికే చూస్తాడు. ఆ ఒక్క బంతి కోసం పక్క టేబుల్ వాళ్ళు కూడా ఆట ఆపి వచ్చి నిలబడేవాళ్ళు. ఫ్రేమ్ ముగిశాక బ్రేక్ వంతు మారుతుంది. కిందటి ఫ్రేమ్‌లో మొదలుపెట్టినవాడు ఈసారి కుర్చీలో కూర్చోవాలి, గెలిచినా ఓడినా.